హారమెరుగని లవము

కోనసీమలోని ఆత్రేయపురమున పూతరేకులు తీయు స్త్రీ పొయ్యి ముందు కూర్చుండి, బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరి ఆకులు మండుచుండగా, నానిన బియ్యమును రుబ్బి పలుచన చేసిన పిండిలో గుడ్డను ముంచి, ఆ కుండ వీపుపై ఒక్కమారు పరచి లాగి, పొర యెట్లు లేచినదో చూచును. పొర సరిగా విడిరానిచో మంటను ఎగద్రోయును. రంగు మారినచో ఆకులను వెనుకకు లాగును. మరల గుడ్డను ముంచును. ఆమె చేతిలో ఉష్ణమాపకము లేదు, ఎదుట పట్టిక లేదు. అయినను ప్రతి రేకును తనకు ముందటి రేకు చెప్పిన మాటను విని తీయబడినదే. ఫలితము వెనుకకు తిరిగి వచ్చి తన కారణమును తానే దిద్దుట యను ఈ వ్యవహారమును శాస్త్రజ్ఞులు ఫీడ్‌బ్యాక్ అందురు.

1788వ సంవత్సరమున జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు రెండు లోహపు గుండ్లు గల గవర్నరును తగిలించినపుడు చేసినదియు ఇదే. యంత్రము వేగము హెచ్చినచో గుండ్లు దూరముగా లేచి ఆవిరి మార్గమును మూయును, వేగము తగ్గినచో దిగి దానిని తెరచును. 1868లో భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ ఆ గవర్నరులకు గణితము కట్టి, సమాచారము ఆలస్యముగా గాని, అతిగా గాని వెనుకకు వచ్చినచో యంత్రము నిలకడ కోల్పోయి ఊగులాడుట కెట్టి కారణము లుండునో విచారించుటకు దారి వేసెను. 1948లో గణితజ్ఞుడు నార్బర్ట్ వీనర్ ఈ భావమును యంత్రములకును ప్రాణులకును సమానముగా అన్వయించుచు వ్రాసిన గ్రంథమునకు, గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడను అర్థము గల మాటనుండి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టెను. ఆ మహాశయుడే 1955–56లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి కొన్ని నెలలు బోధించెను. గోదావరి పడవల సరంగును చూచినవారికి ఆ గ్రీకు మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఏటివాలును చూచుట, చుక్కానిని త్రిప్పుట, పడవ ఏమి చేసెనో మరల చూచుట, ఇదియే ఆ శాస్త్రమునకు మూలము.

సంతలో కూర్చుండి అమ్ముకొను కాలమున చిల్లర వర్తకునకు ఈ విద్య ప్రత్యేకముగా నేర్వవలసిన అవసరము లేకపోయెను. కొనువాడు ముక్కను నోట వేసికొన్నప్పుడు అతని ముఖము పలికెడి పలుకు, ధర చెప్పగానే అతని కనుబొమలు కదలు తీరు, కొనక వెడలిపోవునపుడు పక్క దుకాణమువైపు మరలిన అతని అడుగులు, అన్నియు వర్తకుని కన్నులయెదుటనే జరిగెడివి. ఇప్పుడట్లు కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఆత్రేయపురపు పూతరేకులు గాని, కోస్తా జిల్లాలలో ఇంటింట పెట్టు ఆవకాయ గాని, పోచంపల్లి మగ్గముపై నేసిన చీర గాని, హైదరాబాదుకును, బెంగుళూరుకును, సముద్రముల కావలనున్న తెలుగువారి యిండ్లకును పెట్టెలలో పోవుచున్నవి. చేసినవారు కొన్నవారి ముఖమును చూడరు. చూచునది చేతిలోని ఫోను. ఇన్‌స్టాగ్రామ్ 2016లో వ్యాపారుల ఖాతాలకు ఇన్‌సైట్స్ అను పేర గణాంకములను చూపనారంభించినది. వాట్సాప్ చిన్న వ్యాపారులకని ప్రత్యేకమైన యాప్‌ను 2018 జనవరిలో విడుదల చేసినది. నాటినుండి, ముఖము పలికిన చోట అంకె పలుకుచున్నది. ఆ అంకె భాషను తెలిసికొనుటయే ఈ అధ్యాయమున మన పని.

చిన్నతరగతులలో భిన్నములు నేర్చిన ప్రతివారికిని లవము, హారము అను మాటలు తెలియును. గీతకు పైనున్నది లవము, క్రిందనున్నది హారము. పది మందికి నచ్చినదని చెప్పినంత మాత్రమున ఏమియు చెప్పినట్లు కాదు. పన్నెండుమందిలో పదిమందియా, పదివేలమందిలో పదిమందియా అనునది తేలినప్పుడే ఆ మాటకు అర్థము కలుగును. ఫోను తెరపై పెద్ద అక్షరములలో వెలుగు లైకులు, వ్యూస్, ఫాలోయర్ల సంఖ్యలు దాదాపు అన్నియు లవములే. వాని హారములు తెరపై నుండవు. ఉన్నను చిన్న అక్షరములలో మరియొక పుటలో దాగియుండును. హారము లేని ఈ లవములు చిన్న వర్తకులను ఎంతగా మోసపుచ్చుచున్నవో తలచుకొన్నపుడు నాకు బాధ కలుగును. ఏలయన, ఆ మోసమున ఖర్చగునది పెద్ద సంస్థల ధనము కాదు, ఒక కుటుంబపు రాత్రిశ్రమ.

మొదట మాటలను వేరుచేసికొందము. రీచ్ అనగా మనము పెట్టిన చిత్రము ఎన్ని వేరువేరు ఖాతాల కంటబడెనో ఆ లెక్క. వ్యూస్ అనగా మొత్తముమీద ఎన్ని మారులు చూడబడెనో ఆ లెక్క. ఒక్కడే ఐదుమారులు చూచినచో రీచ్ ఒకటి, వ్యూస్ ఐదు. లైకు వ్రేలి కొసతో చేయు పలకరింపు. ఫేస్‌బుక్ ఆ గుర్తును 2009లో ప్రవేశపెట్టినది మొదలు అది లోకమునకంతకు అలవాటైనది. సేవ్ చేసికొనుట అనగా మరల చూడదలచుట. షేర్ చేయుట అనగా తన పరువును కొంచెము పణముగా పెట్టి మరియొకరికి చూపుట. ఇక మెసేజి పెట్టి ధర అడుగుట కొనుగోలునకు గడప. ఒకదాని వెంట ఒకటి పేర్చినచో ఇవి గరాటువలె సన్నగిల్లుచు పోవును. గరాటు పైభాగమున నున్న సంఖ్యను అడుగుభాగమున ఆశించువాడు నిరాశపడక తప్పదు.

హారమును మార్చినంత మాత్రమున సత్యము ఎంత మారునో చూపుటకు లోకమెల్ల ఎరిగిన ఉదాహరణ మొకటి కలదు. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ సంస్థ, తాను రెండేండ్లుగా ప్రకటనదారులకు చూపుచున్న ఒక సగటు తప్పని ఒప్పుకొన్నది. ఒక వీడియోను జనులు సగటున ఎంతసేపు చూచుచున్నారని లెక్కకట్టునపుడు, చూచిన కాలమునంతయు లవముగా నుంచి, వీడియో ఎదుట పడిన వారినందరిని హారముగా నుంచవలసి యుండగా, మూడు సెకన్లు గాని అంతకుమించి గాని చూచినవారిని మాత్రమే హారమున నుంచిరి. ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహింపవచ్చును. నూరుగురికి వీడియో కనబడినదనుకొందము. అరువదిమంది ఒక్కొక్క సెకను చూచి ముందునకు జరిగిపోయిరి. నలువదిమంది పదునైదేసి సెకన్లు చూచిరి. మొత్తము కాలము 660 సెకన్లు. నూటితో భాగించినచో సగటు 6.6 సెకన్లు, నలువదితో భాగించినచో 16.5 సెకన్లు. విసుగుచెంది వెడలిపోయినవారిని లెక్కలోనుండి తొలగించినచో, ఉన్నవారందరు శ్రద్ధాళువులుగనే కనబడుదురు గదా! ఆ సగటు నూటికి అరువదినుండి ఎనుబది వంతులు అధికముగా చూపబడియుండవచ్చునని ఒక పెద్ద ప్రకటనల సంస్థకు అప్పుడు తెలుపబడినది. అపారమైన గణితజ్ఞుల బలము గల సంస్థలోనే హారము తప్పినపుడు, పొయ్యి ఆర్పి చేయి తుడుచుకొని ఫోను చేతబట్టిన గృహిణి పొరపడుటలో వింత యేమి?

ఆ గృహిణినే మన ఉదాహరణగా గ్రహింతము. ఆమె రెండు రీల్సు, అనగా పొట్టి వీడియోలు, పెట్టినదని ఊహింపుడు. మొదటిదానిలో కుండపైనుండి రేకు గాలిలో తెల్లని పొరగా లేచుట కనబడును; చూడ ముచ్చటయైనది. దానికి 20,000 వ్యూస్, 900 లైకులు, 6 ఆర్డర్లు వచ్చినవి. రెండవదానిలో ఆమె పెట్టెను విప్పి, ఎన్ని రేకులుండునో, బెల్లపువి ఎంత, పంచదారవి ఎంత, కొరియరు ఎన్ని దినములలో చేరునో, ఎన్నాళ్లు నిలువయుండునో నిదానముగా చెప్పినది. దానికి 1,500 వ్యూస్, 40 లైకులు, 15 ఆర్డర్లు వచ్చినవి. లైకులనుబట్టి చూచినచో మొదటిది గొప్ప విజయము, రెండవది పరాజయము. ఆర్డర్లను వ్యూస్‌తో భాగించినచో, మొదటిదానికి పదివేలకు మూడు, రెండవదానికి నూటికి ఒకటి. అనగా రెండవది ముప్పదిమూడు రెట్లు ఫలించినది.

ఇక్కడ ఆగిపోవువారు అనేకులు. "ముచ్చటలు మాని ధరలు చెప్పుడు" అని ఉపదేశించి చేతులు దులుపుకొందురు. కాని హారమును ఇంకను తరచి చూడవలసియున్నది. ఆ పదునైదువందల వ్యూస్ ఎవరివి? ఆమెను ఇదివరకే ఎరిగినవారివి, ఇదివరకొకమారు కొన్నవారివి కావచ్చును. ఆ యిరువదివేలు ఎవరివి? పూతరేకు అనునది కాగితము కాదని ఆనాడే తెలిసికొన్న అపరిచితులవి కావచ్చును. రెండు హారములు ఒకే జాతివి కానపుడు రెండు శాతములను తూచుట, గోదావరి నీటిని కుంచముతోను వడ్లను గజముతోను కొలిచి ఏది ఎక్కువ యని అడుగుటవంటిది. అంతేకాదు, నేడు రెండవ రీలు చూచి కొన్న పదునైదుగురిలో కొందరు, రెండు నెలలకు పూర్వము గాలిలో లేచిన ఆ తెల్లని పొరను చూచియే ఆమె ఖాతాను అనుసరించి యుండవచ్చును. విత్తు వేసిన చేతికి కూలి ఇయ్యక, కోసిన చేతికే ధాన్యమంతయు కొలుచుట న్యాయము కాదు.

మరి తెలిసికొనుటెట్లు? కొన్నవారిని అడుగుట మొదటి మార్గము. "మా సంగతి మీకెట్లు తెలిసినదండీ?" అను ఒక్క ప్రశ్నను ప్రతి ఆర్డరుతోను అడిగి, జవాబును ఒక నోటుపుస్తకమున వ్రాసికొన్నచో, ఆరు నెలలకు ఆ పుస్తకము ఏ ఇన్‌సైట్స్ కంటెను విలువగలదగును. రెండవ మార్గము నూరేండ్లనాటిది. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అను ప్రకటనల రచయిత 1923లో ప్రకటనలను శాస్త్రముగా పరిగణింపవలెనని వాదించుచు ఒక గ్రంథము వ్రాసెను. పత్రికలలో వేయు ఒక్కొక్క ప్రకటన అడుగున ఒక కూపను ముద్రించి, ఏ ప్రకటన కూపనో తెలియునట్లు దానిపై ఒక గుర్తు నుంచి, తిరిగి వచ్చిన కూపనులను లెక్కించి, ఏ మాట జనులను కదిలించినదో తేల్చుట ఆతని పద్ధతి. మన గృహిణి ఒక రీలు చివర "వాట్సాప్‌లో గోదావరి అని పంపండి" అనియు, మరియొక దాని చివర "కోనసీమ అని పంపండి" అనియు చెప్పినచో ఆ కూపనే పైసా ఖర్చు లేక ఆమెకు లభించును.

అయినను పోలిక న్యాయముగా నుండవలెనన్నచో మరియొక అడుగు వేయవలెను. ఆ యడుగు వేయించినవాడు గణాంకశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున ఒకనాడు తేనీటి వేళ, పాలు ముందు పోసినదో తేనీరు ముందు పోసినదో రుచిచూచి చెప్పగలనని అక్కడి శాస్త్రజ్ఞురాలొకరు పలుకగా, ఫిషరు ఆ మాటను త్రోసివేయక పరీక్షకు పెట్టిన కథ ప్రసిద్ధము. 1935లో ప్రయోగరచనను గూర్చి తాను వ్రాసిన గ్రంథమున దానినే మొదటి ఉదాహరణగా గ్రహించెను. ఎనిమిది కప్పులు, నాల్గింటిలో పాలు ముందు, నాల్గింటిలో తేనీరు ముందు. వరుస మాత్రము అదృష్టమునకే విడువబడినది. ఎనిమిదింటినుండి నాల్గింటిని ఏరుటకు డెబ్బది విధములున్నవి గనుక, ఏమియు తెలియనివారు ఊరక చెప్పి అన్నింటిని సరిగా గుర్తించు అవకాశము డెబ్బదింట ఒకటి. ఆ ప్రయోగమున ప్రాణము ఎక్కడనున్నదనగా, వరుసను ప్రయోగకర్త తన యిష్టముచొప్పున ఎన్నుకొనకుండుటలో నున్నది.

చిన్న వర్తకునకు ఇది అందరాని విద్య కాదు. వాట్సాప్‌లో ఆరువందలమంది కొనుగోలుదారుల జాబితా యున్నదనుకొందము. ఒక్కొక్క పేరునకు నాణెము ఎగురవేసి, బొమ్మ పడినవారికి ఒక సందేశము, బొరుసు పడినవారికి మరియొక సందేశము, ఒకే దినమున ఒకే వేళ పంపవలెను. తనకు చనువుగలవారికి ఒకటి, కొత్తవారికి ఒకటి పంపినచో ప్రయోగము మొదటనే చెడును. రీలు పెట్టవలసిన వేళ ఉదయమా సాయంకాలమా అను సందేహమునకును నాణెమే శరణ్యము. ఆరు వారములపాటు ప్రతిదినము నాణెము చెప్పిన వేళకే పెట్టి, పిమ్మట లెక్కచూచినచో, ఆదివారపు తీరికయు, పండుగ హడావిడియు రెండువైపులకును సుమారు సమముగా పంచబడియుండును. ఒక్కటి మాత్రము మరువరాదు. ఒక ప్రయోగమున ఒక్క సంగతినే మార్చవలెను. చిత్రమును, ధరను, వేళను ఒకేమారు మార్చినచో ఫలితము దేనివలన కలిగినదో దైవమునకే తెలియవలెను.

ఇక సంఖ్యలు వచ్చినవి. బొమ్మవారు మూడువందలలో ఎనిమిదిమంది కొనిరి, బొరుసువారు మూడువందలలో ఐదుగురు కొనిరి. మొదటి సందేశమే మేలని తీర్మానింపవచ్చునా? తొందరపడరాదు. అదృష్టము తానుగా ఎంత తేడాను పుట్టించునో తెలిసిన పిమ్మటనే తేడాను నమ్మవలెను. దానికి ఒక సులభమైన కొలత యున్నది. రెండు గుంపులు సమానముగా నుండి, కొన్నవారు గుంపులో కొద్దిమందిగ నున్నపుడు, రెండు అంకెలను కూడి ఆ మొత్తమునకు వర్గమూలము తీయవలెను. తేడా ఆ మూలమునకు రెండింతలు దాటనంతవరకు అది అదృష్టపు ఊగులాటయే కావచ్చును. ఎనిమిదియు ఐదును కలిసి పదమూడు. వర్గమూలము సుమారు 3.6, తేడా మూడు. కనుక ఏమియు తేలలేదు. అదే ముప్పదిమందియు పన్నెండుమందియు అయినచో, మొత్తము 42, మూలము సుమారు 6.5, తేడా 18. ఇది నమ్మదగినది. ఈ ఒక్క లెక్కను కాగితముపై వ్రాసి గోడకంటించుకొన్న వర్తకుడు, మూడు ఆర్డర్ల తేడాకు ఉప్పొంగి వ్యాపారపు తీరునంతయు మార్చివేయు ప్రమాదమునుండి తప్పించుకొనును.

కొద్ది సంఖ్యలనుండి ఎంత నమ్మవలెనను ప్రశ్న వ్యాపారమునుండియే పుట్టినదని చాలమందికి తెలియదు. డబ్లిన్ నగరమున గిన్నిస్ వారి మద్యశాలలో పనిచేయుచుండిన విలియం గాసెట్‌కు, యవలను గూర్చియు, పానీయపు గుణమును గూర్చియు రెండు మూడు పరిశీలనలతోనే నిర్ణయములు చేయవలసి వచ్చెడిది. నాటి గణాంకశాస్త్రము వందలకొలది పరిశీలనలను కోరెడిది. ఆతడు స్వల్ప నమూనాలకు తగిన గణితమును కనిపెట్టి 1908లో ప్రకటించెను. ఉద్యోగులు తమ పేర ప్రచురింపరాదని సంస్థ నియమముండుటచే స్టూడెంట్, అనగా విద్యార్థి, అను మారుపేరు పెట్టుకొనెను. కొద్దిపాటి పరిశీలనలనుండి పిండగల జ్ఞానమునకు ఒక పరిమితి యున్నదని, ఎంతటి యుక్తిచేతనైనను ఆ గీతను దాటలేమని 1945లో ఇరువదియైదేండ్లు నిండీ నిండని వయసున నిరూపించినవాడు మన కల్యంపూడి రాధాకృష్ణ రావు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాలో మహలనోబిసు స్థాపించిన గణాంక సంస్థలో చేరిన ఆ తెలుగుబిడ్డకు 2023లో, నూటరెండేండ్ల వయసున, అంతర్జాతీయ గణాంక పురస్కారము లభించినది. ఆ యేడే ఆగస్టులో ఆయన కన్నుమూసెను. ఆయన కనుగొన్న పరిమితి కృత్రిమమేధకును వర్తించును. ఐదు ఆర్డర్లను చూపి, ఇక రేపటి రహస్యమును చెప్పుమని ఏ యాప్‌ను అడిగినను, ఐదింటిలో లేని సంగతిని అది సృష్టింపజాలదు.

కాలమునకును ఒక హారమున్నది. దానిని తెలుగు వర్తకులు తమ పంచాంగముతో సరిచూచుకొనవలెను. ఫోను చూపు పోలికలన్నియు ఇంగ్లీషు తేదీలవి: ఈ ముప్పది దినములు, అంతకు ముందరి ముప్పది దినములు. మన కొనుగోళ్లు మాత్రము తిథులను వెంబడించును. దీపావళి 2023లో నవంబరు 12న వచ్చినది. 2025లో అక్టోబరు 20న వచ్చినది. ఆ రెండు సంవత్సరముల అక్టోబరు నెలలను పక్కపక్కన పెట్టి చూచిన మిఠాయిల వర్తకుడు, తన రీల్సు మహిమచేత అమ్మకములు పెరిగినవని మురిసిపోయినను, అది పండుగ మహిమ. వినాయక చవితి 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న పడినది. సెప్టెంబరుతో సెప్టెంబరును పోల్చినవాడు ఈమారు నిష్కారణముగా దిగులుపడును. 2023లో అధిక శ్రావణము వచ్చినది. జూలై మధ్యనుండి ఆగస్టు మధ్యవరకు ముహూర్తములు లేక, పెండ్లి చీరల బేరములు నిజ శ్రావణమునకై వేచియుండెను. ఆ నెలలో చూపులు తగ్గుటకు నేత తప్పు కాదు, ఫొటో తప్పును కాదు. కనుక సంక్రాంతిని సంక్రాంతితోడను, శ్రావణ శుక్రవారమును శ్రావణ శుక్రవారముతోడను పోల్చుకొనవలెను. ఈ పని ఏ విదేశీయంత్రమును మనకై చేసిపెట్టదు. గోడనున్న క్యాలెండరును ఫోనును చెరియొక చేతబట్టి మనమే చేసికొనవలెను.

ఒకనాడు ఒక రీలు విపరీతముగా పారి, మరునాటిది చప్పబడుట మరియొక దిగులునకు కారణమగుచున్నది. అసాధారణమైన దానివెంట సాధారణమైనది వచ్చుట ప్రకృతి ధర్మమని, తల్లిదండ్రుల పొడవులను బిడ్డల పొడవులతో పోల్చి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే చూపియున్నాడు. చప్పబడిన రెండవ రీలులో దోషమును వెదకనక్కరలేదు.

ఇక అధ్యాయమునకు గుండెకాయవంటి విషయమునకు వత్తము. ఇంతవరకు మనము కొన్నవారిని, చూచినవారిని, మాటాడినవారిని లెక్కించితిమి. పలుకనివారి సంగతి యేమి? 1936లో అమెరికా అధ్యక్షుని యెన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు కోటిమందికి నమూనా బాలెట్లు పంపినది. ఇరువదిమూడు లక్షలకు పైగా తిరిగి వచ్చినవి. వానినిబట్టి లాండన్ అను అభ్యర్థి నూటికి 57 వంతులతో గెలుచునని ఆ పత్రిక చాటినది. గెలిచినవాడు ఆతని ప్రత్యర్థి రూజ్వెల్టు, నూటికి సుమారు 61 వంతులతో. పత్రిక చిరునామాలను తీసికొన్నది టెలిఫోను డైరెక్టరీలనుండి, కార్ల రిజిస్టర్లనుండి. ఆ మాంద్యకాలమున అవి గలవారు దేశమంతటికి ప్రతినిధులు కారు. అంతకంటె ముఖ్యముగా, అందినవారిలో శ్రమపడి తిరిగి పంపినవారు నాల్గవవంతు కూడ లేరు; పంపనివారి మనసు వేరుగా నుండెను. సుమారు ఏబదివేలమందిని మాత్రమే తగురీతిని అడిగిన సర్వేకర్త జార్జి గాలప్ గెలుచువానిని సరిగా చెప్పగలిగెను. రెండేండ్లు తిరుగకముందే ఆ పత్రిక నిలిచిపోయినది. ఇరువదిమూడు లక్షల లవమును ఒక్క చెడిన హారము మ్రింగివేసినది.

గణాంకశాస్త్రజ్ఞుడు అబ్రహాం వాల్డ్ చెప్పిన సంగతి ఇంకను సూక్ష్మమైనది. రెండవ ప్రపంచయుద్ధమున కొలంబియా విశ్వవిద్యాలయపు గణాంక బృందమున నుండి ఆతడు 1943లో వ్రాసిన పత్రములలో, యుద్ధమునుండి తిరిగి వచ్చిన విమానములకు తగిలిన దెబ్బలనుబట్టి విమానపు ఏ భాగము బలహీనమో లెక్కగట్టు విధానమును నిర్మించెను. తిరిగి వచ్చిన విమానముల రెక్కలకు, మొండెములకు అనేక రంధ్రములుండి, ఇంజనులకు కొద్దిగా నున్నచో, ఇంజనులకు దెబ్బలు తగులుట లేదని అర్థము కాదు. ఇంజనుకు తగిలిన విమానములు తిరిగి రాలేదని అర్థము. ఆ మహామేధావి 1950 డిసెంబరులో మనదేశమున ఉపన్యాసములీయ వచ్చి, నీలగిరులలో కూలిన విమానమున భార్యతో కూడ మరణించెను.

వర్తకుని ఎదుటనున్న సమీక్షలు తిరిగి వచ్చిన విమానములు. మిక్కిలి సంతోషించినవారు ఐదు స్టార్లు ఇత్తురు. మిక్కిలి కోపించినవారు ఒక స్టారు ఇత్తురు. నడుమనుండువారు, పరవాలేదు గాని మరల తెప్పించుకొననక్కరలేదనుకొన్నవారు, ఏమియు వ్రాయరు. వ్యాపారమును మెల్లగా సన్నగిల్లజేయునది ఆ మూడవ జాతి మౌనము. పూతరేకు చేరునప్పటికి మూలలు నలిగిపోయినదని ఒకరు వ్రాసినచో అది వర్తకుని అదృష్టము. అదే నలిగిన రేకును చూచి పెదవి విరిచి పెట్టెను పక్కనబెట్టినవారు మరి ఎందరో! అట్టి ఫిర్యాదును దాచుటయు, తుడిచివేయించుటయు, మంటను చూపు మొదటి రేకును పారవేయుటతో సమానము.

స్టార్ల శక్తి సామాన్యమైనది కాదు. అమెరికాలోని సియాటిల్ నగరపు భోజనశాలలను పరిశీలించి మైఖేల్ లూకా అను ఆచార్యుడు, యెల్ప్ అను సమీక్షల వేదికపై ఒక్క స్టారు పెరిగినచో ఆదాయము నూటికి ఐదునుండి తొమ్మిది వంతులు పెరుగునని 2011లో చూపెను. ఆ ప్రభావమంతయు సొంతముగా నడుపుకొను చిన్న భోజనశాలలమీదనే గాని, పేరుపడ్డ గొలుసు సంస్థలమీద కనబడలేదు. ఆ శక్తి చూచియే కొందరు సమీక్షలను కొనుచున్నారు. మన భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును ప్రకటించినది ఈ నకిలీని అరికట్టుటకే. అది వినియోగదారునకు చేయు ద్రోహమన్నది స్పష్టమే. వర్తకుడు తనకు తాను చేసికొను హాని అంతకంటె లోతైనది. కొన్న స్టార్లు నిజమైన స్టార్లతో కలిసిన పిమ్మట తన సరుకు బాగున్నదో లేదో తెలిసికొను దారి తనకే మూసుకొనిపోవును. కొలతయే గురియైనపుడు అది కొలతగా పనికిరాదని చార్లెస్ గుడ్‌హార్ట్ అను ఆర్థికవేత్త 1975లో ద్రవ్యవిధానమును గూర్చి చేసిన వ్యాఖ్యనుండి లోకము గ్రహించినది; లైకులకొరకే రీలు, స్టార్లకొరకే పలకరింపు అయిన నాడు ఆ సూత్రము ఇంటి వ్యాపారమునకును వర్తించును.

కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు గల ఆ జాబితాను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. అది కొన్నవారు నమ్మి ఇచ్చినది. దానిని మరియొక వర్తకునకు ఇచ్చుట గాని, అడుగని సందేశములతో దినదినము వేధించుట గాని తగదు. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసినది. చట్టము లేకున్నను మర్యాద ఇదియే.

ఈ పుస్తకమును చదువుచున్న వారిలో ఇంటిలో పచ్చళ్లు పెట్టి గాని, రేకులు చుట్టి గాని, చీరలు నేసి గాని అమ్ముకొనువారు తప్పక యుందురు. వారిని నేను వేడునది ఒక్కటి. క్రిందటేడు సంక్రాంతికి కొని, ఈ యేడు కొనని వారి పేర్లు వేరుగా వ్రాయుడు. వానిని చీటీలుగా కత్తిరించి, కలిపి, చూడక పది చీటీలు తీయుడు. మీకు ఇష్టమైన పేర్లను ఏరుకొనవద్దు. ఆ పదిమందికిని ఒక మధ్యాహ్నమున ఫోను చేయుడు. అమ్మజూపవద్దు, తగ్గింపు చెప్పవద్దు. "నమస్కారమండీ, క్రిందటి పండక్కి మేము పంపిన రేకులు మీ యింటికి చేరేసరికి ఎలా ఉన్నాయండీ?" అని అడిగి ఊరకుండుడు. వారు చెప్పిన మాటను, నొచ్చుకొనినను సరే, వారి మాటలలోనే నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పదిమందిలో ముగ్గురు నలుగురు ఒకే మాట చెప్పినచో, మరునాటి పెట్టెను కట్టుటకు ముందే దానిని సవరింపుడు.